ఒక తెలుగు పండితుల ఇంటి కంప్యూటర్‌ను విండోస్ 7 నుంచి లినక్స్ మింట్‌కు మార్చిన వైనం

2025 నవంబరులో, కోనసీమలో సార్వా కోతలు సాగుతున్న రోజుల్లో, రాజోలు దగ్గరి ఒక గ్రామం నుంచి నాకు ఫోను వచ్చింది. నేను పాలకొల్లులో కంప్యూటర్ల మరమ్మతు పని చేస్తాను. చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ దాటితే ఆ ఊరు అట్టే దూరం కాదు. ఫోను చేసినవారు పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు, వయసు 74. బ్యాంకు వెబ్‌సైటు తెరుచుకోవడం లేదనీ, హైదరాబాదులో ఉన్న కుమార్తెతో వీడియో కాల్ కలవడం లేదనీ, విండోస్ మార్చాల్సిందేనని చూసినవారందరూ చెబుతున్నారనీ అన్నారు. చివర ఒక మాట కలిపారు: "పెట్టె పోతే పోయింది గానీ బాబూ, అందులో ఉన్నది మాత్రం పోకూడదు."

ఈ కేసును వివరంగా రాయడానికి ఆ మాటే కారణం. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం ముప్పావుగంట పని. ఆ పెట్టెలో ఉన్న తెలుగును దానిలోకి చేర్చడానికి ఐదు వారాలు పట్టింది.

మొదటి పరిశీలన

కంప్యూటర్ 2013లో విడిభాగాలతో కూర్పించినది. హెచ్61 మదర్‌బోర్డు, పెంటియం జీ2030 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, 32 బిట్ విండోస్ 7 హోమ్ బేసిక్, ఒక హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్ ఉన్నాయి. విండోస్ లైసెన్సు స్టిక్కరు పెట్టె మీదే ఉంది. సముద్రపు గాలికి పెట్టె వెనుక రేకు తుప్పు పట్టింది కానీ లోపల బోర్డు శుభ్రంగానే ఉంది. ర్యామ్ కాళ్ళను రబ్బరుతో తుడిచి మళ్ళీ బిగించాను.

తెర మూలన ఉన్న గడియారం 2 నెలలు వెనకబడి ఉండడం చూశాను. బోర్డు మీద ఉండే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ నీరసించడంతో పెట్టె ఆపి ఉంచిన వేళల్లో గడియారం సాగడం లేదు. వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది కనుక, గత 2 నెలల్లో కొత్త ధ్రువపత్రం తీసుకున్న ప్రతి వెబ్‌సైటూ ఈ కంప్యూటర్ దృష్టిలో ఇంకా పుట్టనిదే. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేయగానే చాలా వెబ్‌సైట్లు తెరుచుకున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిందించే ముందు గడియారం చూడాలని నేను నేర్చుకున్నది ఇలాంటి ఇళ్ళలోనే.

అయితే బ్యాటరీ తీయగానే బయాస్ (కంప్యూటర్‌ను మొదట లేపే, బోర్డు మీది ప్రోగ్రాము) అమరికలు మొదటికి వచ్చాయి, విండోస్ నీలి తెర చూపి ఆగిపోయింది. ఆ తెర మీది సంఖ్య చివర 7బి అని ఉంటే, డిస్కుతో మాట్లాడే పద్ధతి మారిందని అర్థం. ఈ విండోస్‌ను 2013లో ఐడీఈ పద్ధతిలో ఎక్కించారు, బోర్డు సహజ అమరిక ఏహెచ్‌సీఐ. తిరిగి ఐడీఈకి మార్చగానే లేచింది. ఈ సంగతి తెలియక, విండోస్ చెడిపోయిందని ఫార్మాట్ చేసేసిన కంప్యూటర్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. వాటిలో ఉన్నది ఎవరమూ వెనక్కి తేలేకపోయాం.

తేదీ సరిపడినా అసలు కారణం మిగిలే ఉంది. విండోస్ 7కు భద్రతా సవరణలు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. క్రోమ్ బ్రౌజరు 109వ కూర్పుతో దానికి సెలవు చెప్పింది. బ్యాంకు పనులు చేసుకునే యంత్రాన్ని ఆ స్థితిలో ఇంటర్నెట్‌కు కలిపి ఉంచడం సరికాదని మాస్టారికి స్పష్టంగా చెప్పాను.

ఆ తరువాత హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూశాను. చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు (డిస్కులో సమాచారం ఉండే చిన్న గడులు) 24 కనిపించాయి. అక్కడితో నా పని క్రమం మారిపోయింది. ఏ వ్యవస్థ ఎక్కించాలన్న ఆలోచన పక్కన పెట్టి, ముందు ఉన్నదాన్ని కాపాడే పనిలో పడ్డాను.

డిస్కు నకలు

చెడుతున్న డిస్కులోంచి ఫైళ్ళను ఒక్కొక్కటిగా లాగి కాపీ చేయకూడదు. ఒక చెడ్డ సెక్టారు దగ్గర విండోస్ పదేపదే ప్రయత్నించి, డిస్కుకు మిగిలిన ఓపికను కూడా ఖర్చు చేసేస్తుంది. అందువల్ల పెన్ డ్రైవ్ నుంచి లినక్స్ అనే, విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మొత్తం డిస్కుకు 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి నకలు తీశాను. అది మొదటి విడతలో తేలికగా చదవగలిగినదంతా తీసుకుని, మొరాయించిన చోట్లను దాటవేసి, చివరికి వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. ఎంతవరకు వచ్చిందో ఒక పటం లాంటి ఫైలులో రాసుకుంటూ ఉంటుంది. ఈ పటం విలువ ఆ రాత్రే తెలిసింది. 9 గంటలకు మొదలుపెట్టాం. ఒంటిగంటకు కరెంటు పోయి, ఇన్వర్టర్ అందుకునేలోగా కంప్యూటర్ ఆగిపోయింది. తిరిగి లేపి అదే ఆదేశం ఇస్తే ఆగిన చోటి నుంచే కొనసాగింది. హెచ్61 బోర్డులో సహజంగా ఉన్నది యూఎస్‌బీ 2 మాత్రమే కావడంతో వేగం సెకనుకు 30 ఎంబీ దగ్గరే ఉండి, పని ముగిసేసరికి తెల్లవారింది.

24 సెక్టార్లలో 15 వచ్చాయి, 9 రాలేదు. రాని చోట్ల నకలులో ఒక గుర్తు మాటను నింపి, ఏయే ఫైళ్ళలో ఆ మాట దొరుకుతుందో వెతికాను. దెబ్బతిన్నవి 3 ఫైళ్ళు: రెండు పెళ్ళి ఫొటోలు, ఒక పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే ప్రోగ్రాము) ఫైలు. ఫొటోలు కుమార్తె దగ్గర ఉన్నాయి. పేజ్‌మేకర్ ఫైలు మాత్రం మాస్టారు పన్నెండేళ్ళుగా రాస్తున్న తమ గ్రామ చరిత్రలో ఒక అధ్యాయం, 1996 నవంబరు 6 నాటి తుఫానును గురించి ఊళ్ళోని పెద్దలు చెప్పగా రాసుకున్నది. అది మరెక్కడా లేదు. రెండు రోజుల తరువాత బీరువాలో పాత కాగితాల మధ్య దాని ప్రింటు దొరికింది. అంతవరకు ఆ ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు.

ఏ వ్యవస్థ?

విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్‌లో అయితే సాధారణంగా 8వ తరం నుంచి ఉన్న ప్రాసెసర్ కావాలి. జీ2030 మూడో తరానికి చెందినది. ఆ నిబంధనలను తప్పించి ఎక్కించే దారులు ఉన్నాయి కానీ, రేపు వచ్చే సవరణలు నిలుస్తాయన్న హామీ లేని దాన్ని ఒక పెద్దాయన ఇంట్లో పెట్టి రావడానికి నా మనసు ఒప్పుకోలేదు. విండోస్ 10 ఈ యంత్రం మీద చక్కగా నడుస్తుంది. కానీ దాని గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది, పొడిగింపు తీసుకున్నా ఇళ్ళలోని కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకే. ఏడాది తిరగకుండా మళ్ళీ ఇదే పని చేయాల్సి వస్తుంది. కొత్త కంప్యూటర్ కొనడం మూడో దారి. అది కుమార్తె కోరిక కూడా.

నాలుగోది లినక్స్ మింట్ 22. ఉబుంటు 24.04 అనే మరో లినక్స్ కూర్పు ఆధారంగా తయారైంది, 2029 ఏప్రిల్ వరకు సవరణలు వస్తాయి, ఈ ప్రాసెసర్‌కు బరువు కాదు. నా సంకోచమల్లా ఒక్కటే. విండోస్‌లో ఇబ్బంది వస్తే ఊళ్ళో ఎవరో ఒక కుర్రవాడు చూస్తాడు, లినక్స్‌లో వస్తే నేనే వంతెన దాటి రావాలి. ఈ విషయాన్ని మాస్టారితో దాచకుండా చెప్పాను.

నిర్ణయం చివరికి ఆయన వేళ్ళు చేశాయి. ఆయన 2004లో పాలకొల్లు డీటీపీ షాపులో టైపు నేర్చుకున్నారు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో, యాపిల్ అనే కీబోర్డు పద్ధతిలో టైపు చేయడం మన జిల్లాల్లో అప్పుడు సాగిన మార్గం. ఇరవై ఏళ్ళుగా ఆ అక్షరాల చోట్లు ఆయన వేళ్ళకు కంఠస్థం. విండోస్ తనంతట తాను ఇచ్చే తెలుగు కీబోర్డుల్లో ఇన్‌స్క్రిప్ట్ ఉంది, తరువాతి కూర్పుల్లో ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి నడిచే ఫొనెటిక్ వచ్చింది, యాపిల్ లేదు. లినక్స్‌లో భాషల టైపింగును చూసే ఐబస్ వ్యవస్థకు ఎం17ఎన్ అనే లేఅవుట్ల సంచయాన్ని జోడిస్తే, తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన వగైరాలతోపాటు యాపిల్ కూడా కనిపిస్తుంది.

డిస్కు ముట్టుకోకముందే, 2 జీబీ ర్యామ్ తీసి రెండు 4 జీబీ చిప్పులు వేసి, పెన్ డ్రైవ్ మీద నుంచే మింట్ లేపి, ఆ లేఅవుట్ పెట్టి కుర్చీ ఆయనకు ఇచ్చాను. కాసేపు తడుముకుని, ఒక పోతన భాగవత పద్యం టైపు చేశారు. కొన్ని గుణింత గుర్తులు, ఒత్తుల దగ్గర తేడా వచ్చింది, మిగిలినవన్నీ వేళ్ళకు తగిలిన చోటే ఉన్నాయి. "ఇది చాలు బాబూ" అన్నారు. ప్రింటర్ కూడా ఆ పూటే పరీక్షించాం. లేజర్‌జెట్ 1020 తనను నడిపే ఫర్మ్‌వేర్ ప్రోగ్రామును సొంతంగా దాచుకోదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి పంపాలి. లినక్స్‌లో దానికి హెచ్‌పీ వారి అదనపు ప్లగిన్ దింపుకోవాలి. దింపాక పేజీ వచ్చింది. ఇలాంటి పరీక్షలు పాత వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉండగానే చేయడం వల్ల, నచ్చకపోతే పెన్ డ్రైవ్ తీసేసి వెనక్కి వెళ్ళే అవకాశం ఇంటివారి చేతిలోనే ఉంటుంది.

పాత తెలుగు, కొత్త తెలుగు

ఇక అసలు పని. ఆ కాలపు తెలుగు ఫాంట్లు యూనికోడ్‌కు (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రపంచ ప్రమాణానికి) ముందటి పద్ధతిలో ఉంటాయి. కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైల్లో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. వాటి స్థానంలో తలకట్టు, కొమ్ము, ఒత్తు వంటి ముక్కలను ఫాంటు గీసి చూపిస్తుంది. ఫాంటు లేని చోట తెరిస్తే అర్థంలేని గీతలు కనిపిస్తాయి, వెతికితే మాట దొరకదు, ఫోనుకు పంపితే చదవలేరు. ఆ రోజుల్లో తెలుగును అచ్చులో చూడడానికి అదే దారి, అది ఎంతో పని చేసింది కూడా. ఇప్పుడు కొత్త ఇంటికి చేరాలంటే మాత్రం ప్రతి ముక్కనూ యూనికోడ్ అక్షరంగా మార్చాలి.

పేజ్‌మేకర్ 7 ఫైలును లినక్స్‌లో నేరుగా తెరవలేం. పాత విండోస్‌లో పేజ్‌మేకర్‌లోనే తెరిచి, ఒక్కొక్క స్టోరీలో కర్సరు పెట్టి, దానిలోని పాఠాన్ని ఎక్స్‌పోర్ట్ చేయాలి. పేజీలో శీర్షిక ఒక స్టోరీ, అసలు పాఠం ఒకటి, అడుగు వివరణ మరొకటి కావచ్చు. ఒకటి మరిచిపోతే అది వెనకే ఉండిపోతుంది. మొత్తం 38 ఫైళ్ళు. అందువల్ల విండోస్ 7ను చెరిపేయకుండా, నకలులోని సీ డ్రైవ్ భాగాన్ని ఒక 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) మీద పెట్టాను. మదర్‌బోర్డు అదే కనుక లైసెన్సు పేచీ రాలేదు. విండోస్ అమరికలు ఉండే రిజిస్ట్రీలో ఏహెచ్‌సీఐ డ్రైవరును మేల్కొలిపి, ఆ తరువాతే బయాస్‌లో పద్ధతి మార్చాను. నెట్‌వర్క్‌ను డివైస్ మేనేజర్‌లో ఆపేశాను. మింట్‌ను వేరే 480 జీబీ ఎస్‌ఎస్‌డీలో ఎక్కించాను. హెచ్61లో సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే, ఖరీదైన ఎస్‌ఎస్‌డీ పెట్టినా ఆ వేగం అందదు కనుక మామూలువే తీసుకున్నాం. ఈ ఖర్చంతా కలిపినా కొత్త కంప్యూటర్ ధరలో మూడో వంతు కాలేదు.

రెండు వ్యవస్థలు ఉన్నచోట గడియారం పేచీ తప్పదు. బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక కాలమని విండోస్ అనుకుంటుంది, లినక్స్ అంతర్జాతీయ కాలంగా తీసుకుంటుంది. మింట్ నుంచి విండోస్‌కు వెళ్ళినప్పుడు సమయం అయిదున్నర గంటలు వెనక చూపేది. లినక్స్‌నే స్థానిక కాలానికి మార్చి సరిచేశాను.

మార్పిడిలో నేను ఒక తప్పు చేశాను. 38 ఫైళ్ళనూ ఒకేసారి మార్చి, తెర మీద రెండు మూడు పేజీలు చూసి, బాగున్నాయనుకుని మాస్టారికి అప్పగించాను. మరునాడు ఆయన ఎర్ర కలంతో దిద్దిన నాలుగు ప్రింటు కాగితాలు నా ముందు పెట్టారు. అరసున్నలు ఒక్కటీ రాలేదు. బండి ఱ ఉన్నచోట అంతటా ర వచ్చింది. పొల్లు తరువాత హల్లు వచ్చిన ప్రతిచోటా రెండూ కలిసిపోయాయి: 'రాజ్‌కుమార్' అన్న పేరు 'రాజ్కుమార్' అయింది. పాత ఫాంటులో పొల్లు జ్ ఒక విడి ఆకారం, పక్కన క మరో ఆకారం. యూనికోడ్‌లో మాత్రం జ, పొల్లు, క అన్న వరుస కనిపిస్తే ఫాంటు వాటిని ఒత్తుగా కలిపేస్తుంది. కలపవద్దని చెప్పడానికి వాటి మధ్య కంటికి కనిపించని ఒక విడదీత సంకేతం ఉండాలి. నేను వాడిన మార్పిడి పట్టికలో అది లేదు, అరసున్న వరుస కూడా లేదు. అందరి ఉత్తరాల మీద పనిచేసిన పట్టిక ఒక పండితుడి రాతకు చాలలేదు. యూనికోడ్‌లో అరసున్నకూ, ఱకూ, 2008 నుంచి ౘ, ౙలకూ చోటు ఉంది. లోపం నా పట్టికదే.

ఆ తరువాత పని తీరు మార్చాం. ఒక్క ఫైలు మారుస్తాను, ప్రింటు తీస్తాను, ఆయన పాత ప్రింటుతో పక్కపక్కన పెట్టి చదువుతారు, తప్పులను జాబితా రాసి ఇస్తారు, వాటిని పట్టికలో చేర్చి మళ్ళీ మొదటి నుంచి మారుస్తాను. నాలుగో విడతకు ఆ ఫైల్లో తప్పులు మూడుకు తగ్గాయి. అప్పుడే మిగిలిన 37 ఫైళ్ళ జోలికి వెళ్ళాను. ఆ పద్ధతి మొదటి రోజే పాటించి ఉంటే వారం కలిసివచ్చేది.

ఒక్క అక్షరం మాత్రం లొంగలేదు. పాత అచ్చు పుస్తకం నుంచి ఎత్తి రాసిన రెండు పాదాల్లో మాస్టారు నకారపొల్లు (న్‌కు పాతకాలపు ఆకారం) వాడారు. యూనికోడ్‌లో దానికి 2021లో చోటు దొరికింది కానీ, మేం ఎంచుకున్న ఫాంట్లలో ఆ ఆకారం లేదు. ఖాళీ డబ్బా కనిపించింది.

ఫైళ్ళ పేర్లు, ఫాంట్లు

డీ డ్రైవ్‌లోని ఫొటోలు, పత్రాలు మింట్‌లోకి కాపీ చేసినప్పుడు, ముందూ వెనుకా లెక్క సరిచూశాను. 11 ఫైళ్ళు తక్కువ వచ్చాయి. పేరు మరీ పొడవుగా ఉందన్నది కారణం. మాస్టారు ఈ మధ్య ఫోనులో యూనికోడ్‌లోనే పద్యాలు రాసి ఈమెయిల్‌లో తమకు తామే పంపుకుంటున్నారు, ఆ ఫైళ్ళకు పద్యంలోని మొదటి రెండు పాదాలే పేరు. విండోస్ ఫైలు పేరులో 255 సంకేతాల వరకు అనుమతిస్తుంది. లినక్స్‌లో ఫైళ్ళను దాచే ఈఎక్స్‌టీ4 పద్ధతి లెక్క బైట్లలో, అదీ 255. తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది కనుక 85 దగ్గర హద్దు వచ్చేస్తుంది. మనకు ఒక్క అక్షరంగా కనిపించే 'స్త్రీ'లో 6 సంకేతాలు, అంటే 18 బైట్లు ఉన్నాయి. 11 పేర్లనూ మాస్టారే కుదించి చెప్పారు. లెక్క చూడకుండా వదిలేస్తే 11 పద్యాలు పాత డిస్కులోనే ఉండిపోయేవి, ఎవరికీ తెలిసేది కూడా కాదు.

కొన్ని వర్డ్ పత్రాలు గౌతమి ఫాంటులో ఉన్నాయి. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి వస్తున్న ఆ తెలుగు ఫాంటుకు మన నదీపాయ పేరే పెట్టడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం. మింట్‌లో అది ఉండదు కనుక లిబ్రేఆఫీస్ మరో ఫాంటుతో చూపిస్తుంది, వరుసలు కొంచెం జరుగుతాయి, అక్షరాలకు ఏ హానీ లేదు. పోతన 2000, వేమన 2000, సురన్న, మండలి ఎక్కించి, ఒకే పేజీని నాలుగింటిలోనూ ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన సురన్న ఎంచుకున్నారు.

ఇప్పటి స్థితి

జనవరి మొదటి వారంలో, పండుగ ముందు, మళ్ళీ వెళ్ళాను. కుమార్తెతో వీడియో కాల్ ఇబ్బంది లేకుండా సాగుతోంది. బ్యాంకు పనులు ఫైర్‌ఫాక్స్‌లో చేసుకుంటున్నారు. కరెంటు పోయి వచ్చాక ప్రింటర్ ఒకసారి పలకలేదట. ప్రింటర్‌ను ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ఫర్మ్‌వేర్ తిరిగి వెళుతుందని కాగితం మీద రాసి గోడకు అంటించాను. పేజ్‌మేకర్ అవసరం పడి విండోస్ డిస్కును చివరిసారి లేపింది డిసెంబరు 19న.

38 ఫైళ్ళలో 31 దిద్దడం పూర్తయింది. మిగిలిన ఏడూ అయ్యేవరకు పాత హార్డ్ డిస్క్‌ను తుడిచేయవద్దని ఆయనే కోరారు. దానికి తేదీ రాసిన చీటీ అంటించి నా దుకాణంలో బీరువాలో ఉంచాను, నకలున్న ఎక్స్‌టర్నల్ డిస్కు ఆయన ఇంట్లో ఉంది. తుఫాను అధ్యాయాన్ని ప్రింటు చూస్తూ మాస్టారే మళ్ళీ మొత్తం టైపు చేశారు, ఈసారి అప్పట్లో రాయని రెండు పేజీలు అదనంగా చేరాయి. నకారపొల్లు ఉన్న రెండు పాదాల్లో ప్రస్తుతానికి న్ పెట్టి, ప్రింటులో ఆ రెండు చోట్లా పెన్సిలుతో పాత ఆకారం గీసుకున్నారు.